పేరు మొలకెత్తదు

ఇది రాయకూడదనే అనుకున్నాను. టైపు మిషనులోకి కాగితం ఎక్కించి మళ్ళీ లాగేశాను కూడా. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే ఎవరైనా రాస్తారు. ఆ నాలుగూ కూడగట్టడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మా వియ్యంకుడు పోయాడు. అంటే మా కోడలి తండ్రి. గుంటూరులో, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని పోయాడట. చిలకలూరిపేటలో మా ఇంటికి ఫోనొచ్చింది. కోడలు రిసీవరు పెట్టేసి, నా వైపు తిరిగి, "మావయ్యగారూ, నాన్న..." అని ఆగిపోయింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట పట్టుకుని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది. "నాకు జవాబివ్వకుండానేనా?" అన్నాను.

జవాబేమిటో చెప్పాలంటే ముందు 'మీట' గురించి చెప్పాలి. మీట అనేది కంప్యూటరులో తెలుగు కొట్టే ప్రోగ్రాము. మా వియ్యంకుడు మొదలుపెట్టాడు, తరవాత ఓ పదిమంది చేరారు. ఉచితం. పైగా దాని లోపలి రాతంతా బయట పెట్టేశారు. ఎవరైనా చూడొచ్చు, ఎక్కడైనా బాగుచేసి పంపొచ్చు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. బాగానే ఉంది. పంపొచ్చు అన్నారు సరే, పంపినదాన్ని ఎలా పుచ్చుకోవాలి? ఎవరు చూడాలి, ఎవరు సరేననాలి? మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి గొడవ అక్కడే. నా ఆఖరి ఉత్తరం దాని మీదే. దానికే ఆయన జవాబివ్వలేదు. ఇప్పుడు మీట బృందంవాళ్ళు ఒకే ఉత్తరంలో రెండు అడిగారు: ఆయన మీద ఒక వ్యాసం రాయండి, ఆయన పెట్టిన పద్ధతి ఉంచాలో తీసెయ్యాలో కూడా మీరే తేల్చండి అని. ఆ పద్ధతి మీద అందరికన్నా ఎక్కువ దుమ్మెత్తి పోసినవాణ్ణి నేనే కాబట్టి, తీసెయ్యమంటానని వాళ్ళకి ధీమా.

ఆయన ఎలాంటి మనిషో పెళ్ళి మాటలప్పుడే తెలియాల్సింది. మధ్యవర్తి సంబంధాలు తెస్తే, "ఇంటిపేరు చెప్పకండి, ఊరు చెప్పకండి. కుర్రాడేం పని చేస్తాడో, కోపమొస్తే ఏం చేస్తాడో చెప్పండి చాలు," అనేవాట్ట. మావాడు జిన్నింగు మిల్లులో చేస్తాడనీ, కోపమొస్తే అన్నం మానేసి ముసుగుతన్ని పడుకుంటాడనీ చెప్పారు. అది నచ్చిందట. నచ్చాక, ఇంతకీ ఎవరబ్బాయని అడిగాడు. పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారి కొడుకంటే, "అయ్యో, ఆయనా!" అన్నాట్ట.

ఎందుకంటే అప్పటికే మాకు ఒక పరిచయం ఉంది. గుంటూరు బస్టాండులో నేను కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నాను. తిరిగి ఎక్కేసరికి నా తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"ఆ సీటు నాదండీ," అన్నాను.

"మీ తువ్వాలుందండీ. మీరు లేరు," అని తువ్వాలు చేతికిచ్చాడు. నేనెవరో, ఏ ఇన్‌స్టిట్యూటో ఆయనకి వినిపిస్తూ పేట దాకా నిలబడే వచ్చాను.

అలాంటివాడింటికి పిల్లని చూడ్డానికి వెళ్ళాం. వాళ్ళిల్లు మిరపకాయల యార్డుకి పోయే రోడ్డులో. ఎండాకాలం వచ్చిందంటే ఆ రోడ్డున పోయే బస్సు బస్సంతా తుమ్ముతుంది. కండక్టరు టికెట్టడగడం మానేసి ముక్కు మూసుకుంటాడు. కొత్తవాళ్ళు ఏడుస్తున్నారనుకుని పక్కవాళ్ళు ఓదార్చిన సందర్భాలు నేనెరుగుదును. సరే, మాటలు మొదలయ్యాయో లేదో మా ఆవిడ తమ్ముడు తుమ్మాడు. మా ఆవిడ మొహం మాడిపోయింది. "శకునం కాదమ్మా, ఘాటు," అన్నాడు ఆయన. "కావాలంటే కాసేపు కూర్చోండి, అందరూ తుమ్ముతారు." కూర్చున్నాం. అందరం తుమ్మాం. పెళ్ళి ఖాయమైంది.

ఆయన ఉద్యోగం విత్తనాలు పరీక్ష చేసే ల్యాబులో. తొంభైల చివర మా వైపు పత్తి రైతుకి అన్నిటికన్నా పెద్ద భయం పురుగు కాదు, సంచి. సంచి మీద విరగకాసిన చేను బొమ్మ ఉంటుంది, లోపల ఏముందో విత్తితేగానీ తెలియదు, విత్తాక తెలిసి లాభం లేదు. అందుకని ల్యాబుకొచ్చిన గింజల మీద కంపెనీ పేరు, రైతు పేరు తీసేసి నంబరు వేసి లోపలికి పంపేవాళ్ళు. తడి కాగితంలో చుట్టి మొలకెత్తించేవాడికి అవి ఎవరివో తెలియదు. మొలిస్తే మొలిచింది, లేకపోతే లేదు. ఆఫీసులో ఇది అందరూ చేసే పనే. ఈయన దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు.

పెదకాకాని దగ్గర ఆయన సొంతూరు రైతు ఒకాయన, గింజలు మూటగట్టుకుని వీళ్ళింటికి రావడం నేను చూశాను. "ఏరా, నేనురా, మీ పక్క చేనువాణ్ణి. ఇవి మొలుస్తాయో లేదో చూసి పెట్టు," అన్నాడాయన గుమ్మంలోంచే.

"నువ్వెవరో నాకు చెప్పొద్దు. రేపు ఆఫీసులో ఇచ్చి పో. నంబరేస్తారు."

"చిన్నప్పుడు నీతో కలిసి ఈతకొచ్చినవాణ్ణి, నాకు నంబరేంట్రా?"

"ఈత నీకొచ్చు. గింజ సంగతి వేరే."

ఆ రైతు వీధి చివరిదాకా తిట్టుకుంటూ వెళ్ళాడు. ఈయన లోపలికొచ్చి నాతో, "పేరు మొలకెత్తదు, బావగారూ," అన్నాడు. ఆ మాట ఆ రోజు నాకేమీ గొప్పగా అనిపించలేదు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వలేదు, అది మాత్రం కనిపించింది.

రిటైరయ్యాక మీట పని పట్టుకున్నాడు. విత్తనాల జాగ్రత్తలు తెలుగులో కొట్టి ఊళ్ళకి పంచాలని మొదలుపెట్టాట్ట. మార్పులు రాసి పంపేవాళ్ళు వచ్చేసరికి ల్యాబు పద్ధతే తెచ్చి పెట్టాడు. ఎవరైనా మార్పు పంపితే ముందు ఆయనకే రావాలి. పేరు తీసేసి నంబరేస్తాడు. ఇద్దరికి పంపుతాడు. వాళ్ళు తమ కంప్యూటర్ల మీద వేసి, నాలుగు రోజులు వాడి, బృందమంతా చూసేలా 'మొలిచింది' అనో 'మొలవలేదు' అనో రాయాలి. మొలవకపోతే ఎందుకో రాయాలి. ఇద్దరూ మొలిచిందంటేనే మీటలోకి వెళ్తుంది, అప్పుడే పేరు బయటికొస్తుంది. మొలవనిదాని పేరు ఎప్పటికీ రాదు. పంపినవాడు మధ్యలో వచ్చి నాది, నన్ను అడగండి అని వాదించకూడదు.

ఇక నా సంగతి. నేను పదో తరగతితో ఆగాను. టైపు నాకు ఎవరూ నేర్పలేదు, పొగాకు కంపెనీ ఆఫీసులో పాత మిషను పారేస్తుంటే తెచ్చుకుని నేర్చుకున్నాను. కంప్యూటరూ అంతే, పుస్తకం ముందు, కుర్చీ నా కింద. పేటలో నా దగ్గర తెలుగు టైపు నేర్చుకున్న ఆడపిల్లలు కోర్టు దగ్గరా, మండలాఫీసు దగ్గరా అర్జీలు కొట్టుకుని బతుకుతున్నారు. రెండువేల సంవత్సరం దాటాక ఆఫీసులవాళ్ళు కంప్యూటరు కాగితమే కావాలనడం మొదలుపెట్టారు. కంప్యూటరులో తెలుగు మీటల వరస వేరు. ఏళ్ళ తరబడి వేళ్ళకి పట్టిన వరస వదిలి కొత్తది నేర్చుకోమంటే, పెళ్ళయి పిల్లలున్న అమ్మాయిలు ఎక్కడ నేర్చుకుంటారు? అప్పుడు కోడలే అంది, "మావయ్యగారూ, నాన్న ప్రోగ్రాములో మీ టైపు మిషను వరస పెడితే వీళ్ళకి ఇబ్బందే ఉండదుగా," అని. నిజమే. కుస్తీ పట్టి రాశాను. పంపాను. నంబరు పడింది.

మొలవలేదు.

చూసినవాళ్ళలో ఒకరు చీరాలలో మిషన్ స్కూలు టీచరుగారు. ఆవిడ రాసింది: అక్షరాలు బాగానే పడుతున్నాయి, తప్పు కొట్టి చెరపబోతే ప్రోగ్రాము మొత్తం బిగుసుకుపోతోంది.

చెరపడం! టైపు మాస్టారన్నవాడు చెరపడం అనే మాట నోట పలుకుతాడా? మా మిషనులో వెనక్కి జరిపే మీట ఉంది, అది జరుపుతుందిగానీ చెరపదు. కాగితం మీద పడ్డ అక్షరం పడ్డట్టే. అది తెలిస్తేనే వేలికి భయముంటుంది, భయముంటేనే తప్పు రాదు. నా పిల్లలకి మొదటి రోజు చెప్పేదే అది. అందుకని నేను ఆ ప్రోగ్రాము రాసి నెలల తరబడి చూసుకున్నాను, ఒక్కసారి కూడా చెరిపే మీట ముట్టుకోలేదు. ముట్టుకోవాలని తట్టనే లేదు.

ఆ నంబరు నాదని ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలిసేది కాదు. నేను ఊరుకుంటానా? మగపెళ్ళివాణ్ణి. బృందమంతటికీ రాశాను: "మీరు మొలవలేదన్నది నాదే. మా వాళ్ళు తప్పు కొట్టరు. కొట్టనివాళ్ళకి చెరపడమెందుకు?" అని.

ఆ తరవాతే మా మనవరాలి అన్నప్రాసన. ఆయన పళ్ళాలతో పసుపు కుంకాలతో దిగాడు. పిల్ల ముందు పుస్తకం, పెన్ను, బంగారం పెడతారు కదా, నేను టైపు రిబ్బను డబ్బా పెట్టాను. ఆయన జేబులోంచి గింజల పొట్లం తీసి పెట్టాడు. పొట్లం మీద పేరుందేమోనని చూశాను, లేదు. పిల్ల రెండూ తోసేసి జంతికల పళ్ళెం వైపు పాకింది.

పాయసం గిన్నె ఆయన చేతికిస్తూ అన్నాను, "మగపెళ్ళివారి పనిని తిప్పికొట్టిన ఆడపెళ్ళివారు ఈ జిల్లాలో మీరొక్కరే బావగారూ."

"నేను కొట్టలేదండీ. ఇద్దరు చూశారు. వాళ్ళకి మీరని తెలియదు."

"మీకు తెలుసుగా!"

"తెలుసు. అందుకే నేను చూడలేదు."

"మా పిల్లలు తప్పు కొట్టరని చెప్తుంటే..."

"చీరాల టీచరుగారు కొడతారు బావగారూ. ఆవిడా మనిషే."

"అయితే ఆవిణ్ణి నా దగ్గరికి పంపండి, నేర్పుతాను."

"మీట వాడే ప్రతివాణ్ణీ పంపమంటారా? మీ అరుగు చాలదు."

మా ఆవిడ వంటింట్లోంచి, "పాయసం చల్లారిపోతోంది. ఆ నోళ్ళేవో అందుకు వాడండి ఇద్దరూ," అంది. కోడలికి అటు తండ్రి, ఇటు మామ. పిల్ల నోట్లోంచి జంతిక ముక్క తీసే పనిలో పడింది.

అక్కణ్ణించి నేను పద్ధతి మీదే పడ్డాను. బృందంలో ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళకీ ఈ నంబర్లంటే మంటే. ఒక్కో మార్పు నెలల తరబడి పడుండేది. చూసేవాళ్ళు దొరకరు, దొరికినవాళ్ళకి తీరదు. విసిగిపోయి ముగ్గురు వెళ్ళిపోయారు. నమ్మకమైన నలుగురికి తాళం చెవులివ్వండి, ఎవరి మార్పు వాళ్ళే పెట్టుకుంటారు, తప్పుంటే తరవాత సరిచేసుకుంటాం అని వాళ్ళ వాదన. నేను వాళ్ళకి పెద్దతలకాయనయ్యాను.

ఒక ఆదివారం రెండు కుటుంబాలం వాడరేవు వెళ్ళాం. పిల్లకి సముద్రం చూపించడానికని పేరు. ఒడ్డున ఎండు చేపలు పోసి అమ్ముతున్నారు. ఈయన వంగి, కుప్ప అడుగుకి చెయ్యి పోనిచ్చి పైకి తీశాడు. అమ్మే ఆవిడ లేచింది.

"ఏందయ్యా, కుప్పంతా కలబెడతన్నావ్? మీ అత్తగారి సొమ్మా?"

"పైది చూపించడానికమ్మా, అడుగుది చూడ్డానికి," అన్నాడు.

"అడుగున ఇసకుంది. తింటావా?"

ఆయన్ని ఒకరు దులిపేస్తుంటే చూడ్డం నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఆ ఊపులోనే మొదలెట్టాను. "ఇది పత్తి కాదు బావగారూ. విత్తితే పీకలేం అనడానికి. ప్రోగ్రాము. తప్పుంటే నిన్నటిది మళ్ళీ పెట్టేస్తాం. దీనికింత తతంగమెందుకు?"

"మీ దగ్గర నేర్చుకున్న అమ్మాయి కోర్టులో అర్జీ కొట్టి ఇచ్చేసిందనుకోండి. అందులో రెండక్షరాలు ఎగిరిపోయాయి. మర్నాడు మీరు నిన్నటిది పెట్టారు. ఆ అర్జీలో ఏం పెడతారు?"

నేను ఇంకో వైపు నుంచి వచ్చాను. "అందరి కళ్ళకీ గంతలు కట్టి మీరొక్కరే చూస్తారు. పేర్లన్నీ మీ గుప్పిట్లో. మీ మార్పులకి నంబరెవరు వేస్తారు? మీరేగా!"

"నావి మీ కోడలు వేస్తుంది," అన్నాడు.

నేను తిరిగి చూశాను. కోడలు ఇసకలో కూర్చుని పిల్ల పాదాలు కడుగుతోంది. మా ఇంట్లో ఉంటూ, నాకు అన్నం పెడుతూ, ఇన్నాళ్ళుగా తండ్రి మార్పులకి నంబర్లు వేసి పంపుతోందన్నమాట. అప్పటికి నేనూ చూసేవాళ్ళలో ఒకణ్ణి, అంటే ఆయనవి నా దగ్గరికే పరీక్షకొచ్చి, నేను చూసి ఉండొచ్చు.

"ఏమ్మా, నిజమేనా? నేను ఎన్ని తిప్పికొట్టాను?"

"అది చెప్పకూడదు మావయ్యగారూ," అంది.

"నాక్కూడా చెప్పదు," అన్నాడాయన. ఆ ఒక్కసారే మా ఇద్దరి మొహాల్లో ఒకే రకం కోపం కనిపించి ఉండాలి, మా ఆవిడ నవ్వింది.

నా మార్పు మూడోసారికి మొలిచింది. చెరిపే మీట పెట్టాను. ఇష్టంలేకుండానే పెట్టాను. ఇప్పటికీ అంటాను, చెరపడం నేర్పితే వేళ్ళు పాడవుతాయి. ఒప్పుకోవాల్సింది మాత్రం ఒకటుంది, అది లేకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆ ఇంజనీరింగు కుర్రాళ్ళ మార్పులూ నా మార్పూ పక్కపక్కనే నంబర్లుగా వెళ్ళాయి. ఏం చదివావని ఎవరూ అడగలేదు. మూడోసారి నాది బాగుందని రాసినవాడు ఆ కుర్రాళ్ళలో కొత్తగా చేరినవాడు, నా మొదటి గొడవ ఎరగనివాడు. ఎవరో బాగా చదువుకున్నవాళ్ళు రాసినట్టుందని కూడా రాశాడు. పదో తరగతివాడి పని పని మాత్రమే అయిన చోటు నాకు అదొక్కటే దొరికింది. దొరికించినవాడు మా వియ్యంకుడు. ఆయనకి ఈ మాట చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కేది.

మొలిచిన వారంలోనే పేట వచ్చాడు. ఇన్‌స్టిట్యూటులో మిషన్లు ఒక పక్కకి నెట్టి, నేను కొన్న పాత కంప్యూటరు దగ్గర టైపులో హయ్యరు పరీక్ష పాసైన మా అమ్మాయి ఒకతె అర్జీ కొడుతోంది. ఆయన వెనకాల నిలబడ్డాడు.

"ఏంటండీ, వెనక నిలబడితే నా చేతులు ఆగిపోతాయనుకున్నారా? ఆగవండి," అంది అది, తల తిప్పకుండానే.

ఆయన పేజీ అయ్యేదాకా చూశాడు. తను రెండు వేళ్ళతో, కోడి గింజలేరుకున్నట్టు కొట్టే మనిషి. బయటికొచ్చి, "మీ వాళ్ళు నిజంగానే చెరపరు," అన్నాడు.

"చెప్పానుగా."

"అయినా చెరిపే మీట ఉండాల్సిందే," అన్నాడు. ఆ మొదటి ముక్క దగ్గర ఆగితే ఆయన సొమ్మేం పోయేదో. కాఫీ తాగమంటే బస్సు వేళైందన్నాడు, బస్టాండు దాకా సాగనంపాను. ఈసారి సీటుకి ఆయనే కిటికీలోంచి తువ్వాలు వేశాడు. నేను చూశాను. నేను చూడ్డం ఆయనా చూశాడు.

ఆఖరి ఉత్తరంలో నేను రాసింది ఇది: "నంబర్లు ఉంచుకోండి, నాకు అలవాటైపోయింది. కానీ పేర్లన్నీ ఒక్కరి దగ్గరే ఉండడానికి వీల్లేదు. నంబరు వేసే పని నెలకొకరికి మారాలి. రెండు వారాల్లో చూడనివాణ్ణి చూసేవాళ్ళలోంచి తీసెయ్యాలి. మీరు రేపు మంచాన పడితే ఈ తలుపు ఎవరు తీస్తారు?" మంచాన పడకుండానే పోయాడు. జవాబు రాలేదు.

పెద్దకర్మకి బృందంవాళ్ళు వచ్చారు. చీరాల టీచరుగారిని అప్పుడే మొదటిసారి చూశాను. "మీరేనా మాస్టారూ, తప్పు కొట్టనివారు?" అంది. "మీరేనా కొట్టేవారు?" అన్నాను. భోజనాలయ్యాక ఇంజనీరింగు కుర్రాడు కదిపాడు.

"ఇక ఈ నంబర్ల గోల తీసేద్దాం సార్. మీరూ అదేగా అనేవారు."

"ఆయన పద్ధతి ఆయనతో పోవాలా?" అంది టీచరుగారు.

"నేను అనలేదండీ, మాస్టారే అన్నారు, ఎన్నిసార్లో..."

"మాస్టారు పోట్లాడేది ఆయనతోనయ్యా. పద్ధతితో కాదేమో."

ఆవిడ నా తరఫున మాట్లాడ్డం నాకు నచ్చలేదు. "నేను రెండిటితోనూ పోట్లాడాను. ఆలోచించి చెప్తాను," అన్నాను.

తరవాత ఆయన కంప్యూటరు మా ఇంటికి చేరింది. వాళ్ళమ్మ ఇక్కడ ఎవరు ముట్టుకుంటారు, నువ్వే పట్టుకెళ్ళు అందట. కోడలు దాన్ని హాల్లో నా బల్లకి ఎదురుగా పెట్టి, వాళ్ళింట్లో కప్పే పూల గుడ్డే కప్పింది.

ఆయన వేసిన నంబర్లన్నీ ఆయన ఉండగానే తేలిపోయాయి. మిగిలింది ఒక్కటే నంబరు, అది కోడలు వేసింది. కోడలు నంబరేసేది ఎవరి వాటికో పైన చెప్పాను. టీచరుగారు దాన్ని చూసి అప్పటికే మొలిచిందని రాసేసింది. ఇంకొకరు చూడాలి. కోడలు నాకు పంపింది. పంపి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

నేను కూడా మొలిచిందని రాస్తే ఆయన పేరు బయటికొస్తుంది. ఆఖరి మార్పుగా మీటలో ఉండిపోతుంది. బృందంవాళ్ళు సంతోషిస్తారు, కోడలు కళ్ళు తుడుచుకుంటుంది, మా ఆవిడ నన్ను మనిషంటుంది. నేను కొట్టి చూశాను, బాగానే ఉంది. మా హయ్యరు అమ్మాయిని పిలిపించి కొట్టమన్నాను. నెమ్మదిగా కొడితే అన్నీ పడుతున్నాయి. వేగం అందుకోగానే అక్షరాలు మింగేస్తోంది. "సార్, ఎవరో రెండు వేళ్ళ మనిషి రాసినట్టున్నాడండి," అంది అది.

"పేరొద్దు," అన్నాను.

బృందానికి ఉత్తరం కొట్టాను. పద్ధతి ఉంటుంది, ఆయన జవాబివ్వని నా ఆఖరి ఉత్తరంలోని రెండు మార్పులతో ఉంటుంది అని. దాని కిందే ఆ నంబరు వేసి 'మొలవలేదు' అని రాశాను. మొలవనిది పంపినవాడికే తిరిగి వెళ్తుంది. వెళ్ళింది. కోడలు లేచి, ఎదుటి కంప్యూటరు మీద గుడ్డ ఒక మూల ఎత్తి, ఫోను తీగ తగిలించి, ఇంటర్నెట్‌లోంచి తండ్రికొచ్చిన ఉత్తరాలు దింపింది. చదివింది.

"ఎందుకు మొలవలేదో సరిగ్గా రాయలేదు మావయ్యగారూ," అంది. "ఎంత వేగంగా కొడితే మింగుతోంది?"

ఇంకో వాక్యం రాసి పంపాను. కోడలు గుడ్డ పూర్తిగా తీసి, మడిచి, కుర్చీ లాక్కుంది.